మందు మార్చారా?

కుర్ర డాక్టర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ తప్పకుండా ఒక మాటంటారు. "మీ రోజులే హాయి సార్. న్యుమోనియాకి పెన్సిలిన్ ఇస్తే సరిపోయేది. ఇప్పుడు ఏ మందూ సరిగ్గా పనిచెయ్యట్లేదు." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. పెన్సిలిన్ పనిచేసేది, కాదనను. దాన్ని పనిచెయ్యనివ్వండని మనుషుల్ని బతిమాలడంలోనే నా జుట్టు సగం ఊడింది. హాయి అంటున్నారు కాబట్టి ఆ హాయి ఎలా ఉండేదో చెబుతాను, ఓపికగా వినండి.

ఎనభైల్లో నన్ను పల్నాడులో ఒక సర్కారు ఆసుపత్రికి వేశారు. ఊరి పేరు రాయను, మనుషుల పేర్లూ రాయను. చాలామంది ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ళతో ఈ వయసులో నాకు తగాదాలు వద్దు. అప్పుడప్పుడే తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆఫీసుల ముందు బోర్డులు మారాయి కాని జనం నోట మాది తాలూకాసుపత్రే. గుంటూరులో పెద్ద చదువు ముగించుకుని కొత్తగా వచ్చిన డాక్టర్ని నేను. చదివినదంతా మర్నాటి నుంచే అమల్లో పెట్టేద్దామనుకునే వయసు.

చలికాలం మొదలైతే మా మగ వార్డు దగ్గులతో నిండిపోయేది. నాపరాళ్ళ క్వారీల్లో రాయి కొట్టేవాళ్ళు, సున్నపు బట్టీల దగ్గర పొగలో బతికేవాళ్ళు, తెల్లవారకుండానే మిరపతోటలకి నీళ్ళు పెట్టేవాళ్ళు, అందరూ వచ్చేవారు. వణుకుతో జ్వరం, డొక్కలో పోటు, తుప్పురంగు కళ్ళె. స్టెతస్కోపు పెడితే తెలిసిపోయేది, ఎక్స్‌రే అక్కర్లేదు. మా ఎక్స్‌రే మిషనుకి ఫిల్ములు ఎప్పుడూ ఉండవు కాబట్టి అక్కర్లేకపోవడమే మంచిదైంది.

జబ్బు తెలుసు, మందు స్టోరులో ఉంది. పెన్సిలిన్ గురించి రెండు సంగతులు తెలిస్తే చాలు. అది ఒంట్లో ఎక్కువసేపు నిలవదు కాబట్టి ఆరు గంటలకొకసారి సూది పడాలి. ఇక సరైన మందు సరిగ్గా పడినా జ్వరం ఆ పూటకే దిగదు. రెండు మూడు రోజులు కాసి అప్పుడు దిగుతుంది. ఈ రెండూ మా ఆసుపత్రిలో ఎవరికీ తెలియని సంగతులు కావు. తెలిసి కూడా ఒక్కరూ పాటించేవారు కాదు.

మొదటిది ఎందుకు పాటించరో హెడ్ సిస్టరు గారు నాకు వచ్చిన వారంలోనే చెప్పారు. ఆవిడ సత్తెనపల్లి వైపు క్రైస్తవుల ఇంటి మనిషి. మాట కటువు, చెయ్యి శుభ్రం. అప్పట్లో ఒకసారి వాడి పారేసే సూదులు మా దాకా రాలేదు. గాజు సిరంజీలు, స్టీలు సూదులు, ప్రతిసారీ నీళ్ళలో ఉడకబెట్టాలి. మా దగ్గర పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఉడకబెట్టేవారు. కాబట్టి మందు ఏదైనా, డాక్టరు ఏం రాసినా, సూది పడేది రోజుకి రెండుసార్లే.

"నాలుగుసార్లు వెయ్యాలి సిస్టర్" అన్నాను.

"వేస్తాం డాక్టరు గారూ. కరెంటు ఉండేది ఎంతసేపో మీకు తెలుసు గదా. స్టవ్వు మీద ఉడకబెట్టాలంటే కిరసనాయిలు మీరు పంపిస్తారా? సూదులు మొద్దుబారి పోతే రాయి మీద నూరి వాడతన్నాం. రెండుసార్లు పొడిపించుకునేదానికే పేషెంట్లు మమ్మల్ని తిడతన్నారు. నాలుగుసార్లంటే కొడతారు."

కిరసనాయిలు నేనే తెప్పించాను. కొత్త సూదుల కోసం గుంటూరు స్టోర్సుకి మూడుసార్లు పోయి, అక్కడి గుమాస్తా ముందు నిలబడి, చివరికి ఒక పెట్టె సంపాదించాను. ఆవిడ ఆ పెట్టె తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. కొత్తవి అప్పుడే వాడితే పాడవుతాయట. ఆ తాళం తీయించడానికి ఇంకో నెల పట్టింది. ఆ తర్వాత మాత్రం ఆవిడ వార్డులో నాలుగు సూదుల పద్ధతి తప్పనివ్వలేదు, అది ఒప్పుకోవాలి.

రెండోదానికే నాకు తల ప్రాణం తోకకొచ్చింది. మా ఊళ్ళో రోగిని చూడటానికి వచ్చినవాళ్ళు ఎలా ఉన్నాడని అడగరు. "మందు మార్చారా?" అని అడుగుతారు. మార్చారంటే డాక్టరు కష్టపడుతున్నట్టు. మార్చలేదంటే గాలికొదిలేసినట్టు. బంధువు వచ్చాడంటే ఈ ప్రశ్న వెయ్యకుండా తిరిగి పోడు, వెయ్యకపోతే అభిమానం లేనట్టు. పొద్దున నేను పెన్సిలిన్ రాసేవాణ్ణి. సాయంత్రం డ్యూటీ డాక్టరు బంధువుల పోరు పడలేక అది కొట్టేసి ఇంకొకటి రాసేవాడు. మర్నాడు పెద్ద డాక్టరు గారు రౌండ్సుకి వచ్చి, రెండూ కొట్టేసి మూడోది రాసేవారు. మూడో రోజు ఎలాగూ జ్వరం దిగాలి, దిగేది. చివర రాసిన మందుకి పేరొచ్చేది. అది చూసి ఊరంతా ఏమనుకునేవారంటే, న్యుమోనియాకి పెన్సిలిన్ పనికిరాదని.

పైగా పెన్సిలిన్ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చేది. తెల్లటి పొడి, నీళ్ళు కలిపి వెయ్యాలి. జనం దాన్ని సర్కారు పొడి అనేవారు. బయట మందుల షాపులో కొని తెచ్చే చిన్న సీసా ఉండేది, జెంటామైసిన్. నీళ్ళలాగా తేటగా ఉంటుంది, ఖరీదు. ఖరీదు కాబట్టి గట్టి మందని నమ్మకం. న్యుమోనియా తెచ్చే క్రిమి మీద ఆ మందు పెద్దగా పనిచెయ్యదని నేను చెబితే నా మొహం వైపు జాలిగా చూసేవారు.

పెద్ద డాక్టరు గారంటే మా సూపరింటెండెంటు. చెయ్యి తిరిగిన సర్జన్. గొడ్డలి దెబ్బలతో వచ్చినవాళ్ళని ఎంతమందిని బతికించారో లెక్కలేదు. ఆయన్ని చెడ్డవాడని నేను ఏనాడూ అనుకోలేదు. అదే నా బాధ. చెడ్డవాడైతే పోట్లాడి మనసు తేలిక చేసుకునేవాణ్ణి.

"ఏవయ్యా, నీకు ఈ ఊరు తెలీదు" అనేవారు. "వీళ్ళు మందు చూడరు, మనం ఏం చేశామో చూస్తారు. మార్చి రోగి పోయాడనుకో, పాపం డాక్టరు గారు అన్నీ చేశాడంటారు. మార్చకుండా పోయాడనుకో, అద్దాలు పగలగొడతారు. పోయినసారి పగిలిన అద్దాలకే ఇంతవరకు డబ్బులు రాలేదు. నువ్విస్తావా?"

నేను ఒక కాగితం మీద రూలు రాసి ఆయన ముందు పెట్టాను. న్యుమోనియా అయితే పెన్సిలిన్, ఆరు గంటలకొకసారి. మూడు రోజులు మందు మార్చకూడదు. ఆయాసం పెరిగినా, పెదాలు నీలంగా మారినా, మనిషి మాట తడబడినా అప్పుడు మార్చండి, నన్ను పిలవండి. జ్వరం దిగలేదనే కారణంతో మాత్రం మార్చకండి. అంతే. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని చదివి, "ఇది ఆసుపత్రా, మిలటరీయా?" అని తిరిగి ఇచ్చేశారు. సంతకం పెట్టలేదు. సంతకం లేని కాగితాన్ని నేను వార్డు గోడకి అంటించాను. దాన్ని అందరూ చదివేవారు, ఎవరూ లెక్కచేసేవారు కాదు.

అయినా కొందరి విషయంలో నా రూలు అక్షరాలా నడిచింది. ఎవరికంటే, చూడటానికి ఎవరూ రానివాళ్ళకి. అడిగేవాడు లేడు కాబట్టి మార్చేవాడు లేడు. నూజెండ్ల వైపు నుంచి పనికొచ్చి క్వారీలో పడిపోయిన కూలీలు, సంతలో పడిపోతే పోలీసులు తెచ్చి పడేసిన ముసలివాళ్ళు, వీళ్ళంతా సర్కారు పొడితో చక్కగా లేచి నడిచి పోయేవారు. బంధుబలం ఉన్నవాళ్ళు నానా మందులూ మింగి, విరేచనాలు పట్టుకుని, ఇంకో వారం మంచం మీద ఉండేవారు. మా వార్డులో దిక్కులేకపోవడమే అదృష్టం అని నేను హెడ్ సిస్టరు గారితో అంటే ఆవిడ నవ్వలేదు. "రాసి పెట్టండి డాక్టరు గారూ, గేటు దగ్గర కడదాం" అన్నారు.

రెండేళ్ళు ఇలాగే గడిచాయి. ఆ చలికాలంలో మెకానిక్ వచ్చాడు.

అతను ముస్లిం, నలభై లోపు మనిషి. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయిల్ ఇంజన్లూ లారీలూ బాగుచేసే మేస్త్రి, అందరూ భాయ్ అని పిలిచేవారు. స్పానరు ముట్టుకోకుండా ఇంజను పక్కన నిలబడి విని, లోపల ఏది అరిగిందో చెప్పేవాడని అతనికి పేరు. బేరింగు శబ్దం వేరు, వాల్వు శబ్దం వేరు, అవి ఇంకెవరికీ అంత తేడాగా వినపడవట. భార్యా, బావమరిదీ చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. కుడి ఊపిరితిత్తి కింది భాగం మొత్తం న్యుమోనియా.

అలవాటు ప్రకారం ఇంతకుముందు సూదులేమైనా వేయించుకున్నావా అని అడిగాను. అతను ఆయాసపడుతుంటే భార్య చెప్పింది. "పోయినేడు దగ్గొస్తే బస్టాండు కాడ డాక్టరు నెలపైన ఏశాడు సారూ. రోజుకొక సూది. అప్పట్నుంచి చెవుల్లో కీచురాళ్ళు అరుస్తన్నట్టు ఉందనేవాడు. ఈ మధ్యనే తగ్గింది."

బస్టాండు దగ్గరాయన డాక్టరు కాదు, ఆర్.ఎం.పి. వేసింది స్ట్రెప్టోమైసిన్. ఆ మందు చెవి నరాన్ని తింటుంది. జెంటామైసిన్ దానికి తోబుట్టువు, అదీ అదే పనిచేస్తుంది. ఒకసారి దెబ్బతిన్న చెవి మీద రెండోసారి పడితే ఇక తిరిగి రాదు. ఈ మాట వాళ్ళిద్దరికీ అర్థమయ్యేలా చెప్పాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, ఇంకేం మందన్నా ఇయ్యండి, అది మాత్రం వద్దు. నా బతుకంతా ఇందులోనే ఉంది" అని చెవి మీద వేలు పెట్టి చూపించాడు. "ఇది పోతే నేను స్పానరు పట్టుకోని కూర్చోడానికే."

కేసు షీటు మీద ఎర్ర ఇంకుతో పెద్ద అక్షరాల్లో రాశాను, జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ వెయ్యకూడదని, ఎందుకో కూడా రాశాను. పెన్సిలిన్ మొదలుపెట్టాం. అదే పూట పక్క మంచం మీదికి ఇంకో న్యుమోనియా వచ్చింది. ఒక క్వారీ కూలీ, పాతికేళ్ళవాడు. తోటి కూలీలు ట్రాక్టరు మీద తెచ్చి దింపి, కూలి పోతుందని వెంటనే వెళ్ళిపోయారు. అతనికీ అదే మందు, అవే సూదులు.

మేస్త్రికి వచ్చినంత జనం మా ఆసుపత్రిలో ఎమ్మెల్యేకి కూడా రాలేదు. మిరపతోటలకి నీళ్ళు పెట్టే కాలం. ఇంజను ఆగిన ప్రతి రైతూ మొదట షెడ్డుకి పోయి, అక్కడ తాళం చూసి, తిన్నగా వార్డుకి వచ్చేవాడు. బత్తాయిలు మంచం కింద పోగుపడ్డాయి. ప్రతివాడూ జ్వరం చెయ్యి పెట్టి చూసి, నా వైపు తిరిగి, మందు మార్చారా డాక్టరు గారూ అనేవాడు. మార్చలేదు, మార్చను, రేపో ఎల్లుండో దిగుతుంది అని చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

అందరిలోకీ లారీ ఓనరు ఒకడు నన్ను కాల్చుకు తిన్నాడు. "నా లారీ ఇంజనంతా ఇప్పి గోనెపట్టా మీద పరిచి ఇక్కడొచ్చి పండుకున్నాడు. ఏ ముక్క ఎక్కడిదో ఆయనకి తప్ప ఎవురికీ తెలీదు. ఎప్పుడు లేస్తాడో చెప్పండి" అన్నాడు మొదటి రోజు. రెండో రోజు, "ఈ పొడితో కాదు గాని, ఖరీదైంది రాయండి. డబ్బు సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. ఎర్ర అక్షరాలు చూపించి, చెవులు పోతాయయ్యా అన్నాను. "మనిషి ఉంటే గదా చెవులు" అన్నాడు. ఆ మాటకి చుట్టూ ఉన్నవాళ్ళంతా తలూపారు. వాళ్ళ అభిమానం నిజమైందే. ఒక్కడికైనా అతని మీద కోపం ఉండి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది.

మూడో రోజు నాకు గురజాల కోర్టు సమన్లు. పల్నాడులో పనిచేసిన ఏ డాక్టర్నైనా అడగండి, సగం ఉద్యోగం కోర్టు వరండాలోనే చేశామంటాడు. ఎప్పటిదో కొట్లాట కేసు, తగిలింది కర్రదెబ్బా, గొడ్డలి దెబ్బా అన్నది నేను వచ్చి చెప్పాలి. పోకపోతే వారంటు. పొద్దున బయలుదేరేముందు మేస్త్రిని చూశాను. జ్వరం ఇంకా ఉంది గాని ఆయాసం తగ్గింది, నాలుగు ముక్కలు ఇడ్లీ తిన్నాడు. దారిలో పడ్డాడని నాకు తెలిసిపోయింది. భార్యతో అన్నాను, "నేను వచ్చేదాకా ఎవరు చెప్పినా బయటి మందు వెయ్యనివ్వకమ్మా. ఈ రోజు గడిస్తే గండం గడిచినట్టే." ఆవిడ తలూపింది. హెడ్ సిస్టరు గారికీ చెప్పాను, సాయంత్రం డ్యూటీ డాక్టరుకీ చెప్పాను. పెద్ద డాక్టరు గారికి చెప్పబోతే ఆపరేషన్ థియేటర్లో ఉన్నారు.

కోర్టులో పొద్దంతా బల్ల మీద కూర్చున్నాను. మూడు గంటలకి ప్లీడరుకి ఒంట్లో బాగాలేదని వాయిదా వేశారు. నేను నోరు తెరవనే లేదు. బస్సెక్కి వచ్చేసరికి ఇంకా వెలుగుంది. వార్డు వరండాలో హెడ్ సిస్టరు గారు ఎదురొచ్చారు. ఆవిడ మొహం చూస్తే తెలిసింది.

మధ్యాహ్నం లారీ ఓనరు పదిమందిని వేసుకుని తిన్నగా పెద్ద డాక్టరు గారి గదికి పోయాడట. మూడు రోజులైనా జ్వరం దిగలేదు, మందు మార్చలేదు, ఆ డాక్టరు ఊళ్ళోనే లేడు. మూడు మాటలూ నిజమే. పెద్ద డాక్టరు గారు వచ్చి షీటు చూసి, నా ఎర్ర అక్షరాలు చదివి, "చెవులా, ప్రాణమా?" అని, కింద జెంటామైసిన్ రాశారు. సీసాలు అప్పటికే లారీ ఓనరు జేబులో ఉన్నాయి. సిస్టరు గారు అడ్డుచెప్పబోతే, "నేను రాశాను కదమ్మా" అన్నారాయన. ఆ మాటకి నర్సు ఏం చెయ్యగలదు. మేస్త్రి భార్య మాత్రం మంచానికి అడ్డం నిలబడిందట. ఆ సారు వద్దన్నాడు, చెవులు పోతాయన్నాడు అని. అప్పుడు లారీ ఓనరు, "సరేనమ్మా, ఆయనకేదన్నా అయితే నీదే పూచీ, అందరి ముందరా చెప్పు" అన్నాడట. ఆవిడ పక్కకి జరిగింది. ఎవరు జరగరు?

లోపలికి పోయి చూస్తే మేస్త్రికి చెమటలు పట్టి జ్వరం దిగిపోయింది. పిలిస్తే చిన్నగా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను చూసి చూడనట్టు ఊరుకున్నారు. లారీ ఓనరు మాత్రం, "చూశారా, ఒక్క సూదికే" అన్నాడు.

నేను పక్క మంచం దగ్గరికి పోయాను. క్వారీ కుర్రాడి జ్వరం కూడా దిగింది. అతనికి ఎవరూ ఏదీ మార్చలేదు. గది నుంచి పెద్ద డాక్టరు గారిని దాదాపు లాక్కొచ్చినట్టు తీసుకొచ్చి రెండు మంచాల మధ్యా నిలబెట్టాను.

"ఇద్దరూ ఒకే రోజు వచ్చారు సార్. ఒకే జబ్బు. ఇద్దరికీ ఈ పూటే దిగింది. ఇతనికి ఏం మార్చారు?"

ఆయన కుర్రాడిని పైనుంచి కింది దాకా చూశారు. "వాడు కుర్రాడయ్యా. రాళ్ళు కొట్టే ఒళ్ళు. వాడికి మందు లేకపోయినా తగ్గును" అన్నారు.

ఇంతకన్నా స్పష్టంగా రుజువు నాకు జీవితంలో మళ్ళీ దొరకలేదు. కళ్ళ ముందు పక్కపక్కనే పడుకోబెట్టి చూపించాను. ఆయన చూశారు, నమ్మలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

జెంటామైసిన్ ఆపమన్నాను. "తగ్గించిన మందునే ఆపమంటావా? రేపు తిరగబెడితే?" అన్నారాయన. గట్టిగా పోట్లాడాను, గొంతు పెంచాను, ఉద్యోగం మానేస్తానన్నాను. చివరికి "నీ పేషెంటు, నీ ఇష్టం" అని వెళ్ళిపోయారు. నేను షీటు మీద ఆ మందు కొట్టేశాను. కాని అంతటితో అయిపోలేదు. గట్టి మందు ఒక్క సూదితో నిలబెట్టిందని, ఆ చిన్న డాక్టరు మళ్ళీ దాన్ని ఆపేశాడని ఊరంతా పాకింది. మర్నాడు పొద్దున్నే లారీ ఓనరు జీపు తెచ్చి, సొంత పూచీ మీద పోతున్నట్టు కాగితం మీద సంతకం పెట్టించి మేస్త్రిని ఇంటికి తీసుకుపోయాడు. నేను గేటు దాకా వెంటపడి చెప్పాను, బస్టాండు దగ్గరకి పోవద్దని, ఇక ఏ సూదీ అక్కర్లేదని. మేస్త్రి జీపులోంచి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

ఆర్.ఎం.పి. ఇంటికే వచ్చి వేశాడట. గట్టి మందు కోర్సు మధ్యలో వదలకూడదని ఆ సీసాలన్నీ అయ్యేదాకా, ఆ తర్వాత బలానికని తన పాత స్ట్రెప్టోమైసిన్ సూదులు. నాకు ఈ సంగతి తెలిసేసరికి ఎండలు ముదిరాయి. మేస్త్రి భార్య బిడ్డకి మందు కోసం ఓపీకి వచ్చింది. బిడ్డని చూసి పంపబోతుంటే కదలకుండా నిలబడింది.

"పిలిస్తే పలకట్లా సారూ. గట్టిగా పిలిస్తే కోపం చేస్తన్నానని అలుగుతున్నాడు. షెడ్డులో ఎవురికీ చెప్పొద్దన్నాడు. తెలిస్తే ఇంజన్లు ఎవురిస్తారు?"

గుంటూరులో చెవి డాక్టరుకి చీటీ రాసి పంపాను. ఆయన చూసి నాకు రెండు ముక్కలు రాశాడు. చెయ్యగలిగిందేమీ లేదు. పెద్ద డాక్టరు గారికి ఆ ముక్కలు చదివి వినిపించాను. "వయసు మీద పడితే చెవులు మందగించవా?" అన్నారు. అతనికి నలభై కూడా లేవు సార్ అన్నాను. ఆయన వేరే ఫైలు తెరుచుకున్నారు.

వానలు పడ్డాక ఆసుపత్రి జీపు మొరాయించింది. ఎక్కడో టకటకమని కొట్టుకుంటోంది, డ్రైవరుకి అంతుపట్టలేదు. మేస్త్రికి కబురు పెట్టారు. అతను సంచీ భుజాన వేసుకుని పొద్దున పదింటికి వచ్చాడు. నవ్వుతూ అందరికీ దణ్ణాలు పెట్టాడు. ఎవరేమన్నా వాళ్ళ నోటి వైపే చూస్తున్నాడు. ఆ పూట డ్రైవరు సెలవులో ఉంటే పెద్ద డాక్టరు గారే స్టీరింగు ముందు కూర్చుని స్టార్టు చేశారు. నేను ఓపీ గది గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

మేస్త్రి బానెట్టు ఎత్తాడు. చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు మూసుకుని, తల ఇంజను మీదికి వంచాడు. టకటక శబ్దం నాకు గుమ్మం దాకా వినపడుతోంది.

"ఇంకొంచెం రేజ్ చెయ్యండి సార్" అన్నాడు.

పెద్ద డాక్టరు గారు తొక్కారు.

"ఇంకొంచెం సార్."

ఇంజను రొద ఆవరణంతా నిండింది. ఓపీ వరసలో ఉన్న ఆడవాళ్ళు పిల్లల చెవులు మూశారు. వార్డు కిటికీల్లోంచి రోగులు తొంగి చూశారు. పొగ కమ్మేసింది. మేస్త్రి కళ్ళు తెరవలేదు. "ఇంకొంచెం" అన్నాడు మెల్లిగా, పక్కనున్న మనిషితో మాట్లాడుతున్నట్టు.

పెద్ద డాక్టరు గారు కాలు తీసేశారు. తాళం తిప్పి ఇంజను ఆపేశారు. ఆవరణలో ఎక్కడా చప్పుడు లేదు. అతను మాత్రం అలాగే వంగి, శ్రద్ధగా వింటున్నాడు. ఎంతసేపో నాకు తెలియదు, మా అందరికీ చాలాసేపు అనిపించింది. అప్పుడు కళ్ళు తెరిచి, బానెట్టు దించి, చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"బాగానే ఉంది సార్ ఇంజను" అన్నాడు. "ఏం శబ్దం లేదు."

పెద్ద డాక్టరు గారు జీపు దిగలేదు. స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నారు.

మర్నాడు రౌండ్సులో న్యుమోనియాతో పడుకున్న ఒక రైతు దగ్గర ఆగాం. చుట్టూ బంధువులు, అందులో ఒక పెద్దమనిషి ముందుకొచ్చి, రెండు రోజులైంది, మందు మార్చరా అన్నాడు. నేను అలవాటుగా నోరు తెరిచాను. నాకన్నా ముందే పెద్ద డాక్టరు గారు, "మార్చం" అన్నారు. తర్వాతి మంచానికి నడిచారు. రౌండ్సు అయ్యాక గోడ మీది నా కాగితం దగ్గర ఆగి, జేబులోంచి పెన్ను తీసి, కింద సంతకం పెట్టారు.

రెండేళ్ళకి పైగా నేను ఆయన వెంటపడి అడిగిన సంతకం అది. ఆ రోజు దాన్ని చూస్తే నాకు రవ్వంత సంతోషం కూడా కలగలేదు. ఆ తర్వాత మా వార్డులో బంధువులున్నవాళ్ళు కూడా సర్కారు పొడితోనే లేచి ఇంటికి పోయారు. మేస్త్రి షెడ్డు మాత్రం ఆ ఏడాది చివరికి మూతపడింది.